పీతలు అడ్డంగా ఎందుకు నడుస్తాయి

ఒకప్పుడు పీతలన్నీ ముక్కుసూటిగా నడిచేవి. పొద్దున్నే సముద్రం వెనక్కి తగ్గగానే బొరియల్లోంచి బయటికొచ్చి, ఒకదాని వెనక ఒకటి వరసగా నీళ్ళ వైపు వెళ్ళేవి. ముందుకి చూడాలి, ముందుకే నడవాలి. అదే మర్యాద.

పక్కకి అడుగేస్తే తప్పు. అడ్డంగా నడవడం దొంగబుద్ధి అని పీతలన్నీ నమ్మేవి. ఆ తప్పు చేసినవాళ్ళకి ముందుండే రెండు డెక్కల్లో ఒకటి విరిచేసేవాళ్ళు. తిండిని పట్టి నోటికి అందించేది ఆ డెక్కే కదా, అది విరిగితే సగం కడుపే నిండేది.

ఆ ఒడ్డున నూకాలు అనే పీత ఉండేది. దానికో చెల్లెలు, పేరు చిట్టి. ఒకనాడు సముద్రపు పక్షి ఒకటి చిట్టిని ముక్కుతో పట్టుకుంది. చిట్టి ఎలాగో తప్పించుకుంది గానీ రెండు కాళ్ళు పోయాయి. ఆ తరవాత దానికి సూటిగా నడవడం చేతకాలేదు. ముందుకి పోదామనుకుంటే పక్కకి ఒరిగిపోయేది. పక్కకి అయితే మాత్రం చకచకా పోయేది.

ఊరిపెద్ద దాలయ్య అది చూశాడు. కాళ్ళు పోయాయని చిట్టి చెప్పుకుంది, నూకాలు బతిమాలింది. దాలయ్య వినలేదు. ఒకరిని వదిలేస్తే అందరూ పాడవుతారన్నాడు. చిట్టి డెక్క విరిచేశారు.

ఆ రోజునించి ఒడ్డు మీద అడ్డంగా నడిచేవాళ్ళు ఒక్కరూ కనబడలేదు. శిక్ష ఎంత బాగా పనిచేసిందో చూడండని దాలయ్య మురిసిపోయాడు.

నిజానికి చిట్టి బొరియలోంచి బయటికి రావడమే మానేసింది. నూకాలు రోజూ ఇంత నాచు తీసుకెళ్ళి తినిపించేది. అలా వెళ్తూ వస్తూ ఇంకో సంగతి కనిపెట్టింది. చిట్టిలాగే కాళ్ళు దెబ్బతిన్న పీతలు ఇంకో పదో పన్నెండో ఉన్నాయి. అవన్నీ బొరియల్లో ఆకలితో నకనకలాడుతూ దాక్కున్నాయి.

నూకాలుకి కడుపు మండిపోయింది. మర్నాడు పీతలన్నీ వరస కట్టి నడుస్తుంటే వరసలోంచి బయటికొచ్చింది. దాలయ్య ఎదురుగా, అందరూ చూస్తుండగా, ఆ చివరినించి ఈ చివరికి అడ్డంగా నడిచింది. దానికి ఎనిమిది కాళ్ళూ బాగానే ఉన్నాయి.

"ఏవిటీ పని?" అన్నాడు దాలయ్య.

"చెల్లెలి నడక తప్పని డెక్క విరిచారు. ఇప్పుడది నడవడమే మానేసింది. మీరు తీసేసింది తప్పునా, మా చెల్లినా?" అని అడిగింది నూకాలు.

శిక్షలు లేకపోతే రేపొకడు వెనక్కి నడుస్తాడని, ఎల్లుండి ఇంకొకడు గెంతుతాడని దాలయ్య కేకలేశాడు. సింహాద్రిని పిలిచాడు. ఆ ఒడ్డున అందరికన్నా బలమైన పీత అతను, డెక్కలు విరిచేది అతనే. నూకాలు తనే డెక్క చాచింది. సింహాద్రి విరిచాడు.

మర్నాడు నూకాలు మళ్ళీ అడ్డంగా నడిచింది. రెండో డెక్క కూడా పోయింది.

ఇక తినడానికి డెక్కలే లేవు. అప్పుడు ఇరుగుపొరుగు పీతలు ఒక్కొక్కటే వచ్చి దాని నోట్లో నాచు పెట్టి వెళ్ళాయి.

మూడోనాడు నూకాలు మరీ నెమ్మదిగా నడిచింది, నీరసంతో. కానీ అడ్డంగానే నడిచింది. దాలయ్య ఒళ్ళు తెలియని కోపంతో, ఈసారి కాళ్ళు విరిచెయ్యమన్నాడు.

సింహాద్రి కదల్లేదు.

"విరవడం నాకు వచ్చు. ఈవిడ చేత మాన్పించడం నా వల్ల కాదు. ఇక నేను ఎవరివీ విరవను," అన్నాడు.

అని, అలవాటు లేని కాళ్ళతో తడబడుతూ, పక్కకి ఒక అడుగేశాడు. తరవాత ఇంకొకటి.

అయితే సింహాద్రి డెక్కే విరిచెయ్యండి అన్నాడు దాలయ్య. ఎవరు విరుస్తారు? ఎవరూ ముందుకి రాలేదు. అందరూ పక్కకే జరిగారు. ఒడ్డంతా అడ్డంగా కదిలింది. ఆ చప్పుడుకి బొరియల్లో దాక్కున్నవాళ్ళు తొంగిచూశారు. చిట్టి బయటికొచ్చింది. అందరికన్నా వేగంగా నడిచింది, ఎంతైనా అది దానికి పాత విద్య కదా.

అప్పుడొక పీత దాలయ్యని చూపించి, ఇన్నాళ్ళూ మనల్ని ఏడిపించాడు, ఇతని డెక్కలు విరిచేద్దాం అంది. చాలామంది సరేనన్నారు.

నూకాలు అడ్డం వెళ్ళి నిలబడింది. "వద్దు. ఆయనకి ఎలా నడవాలనుంటే అలా నడవనివ్వండి," అంది.

దాలయ్య ఎవరి వంకా చూడకుండా సూటిగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. పాత పెంకు విడిచి కొత్త పెంకు తొడుక్కునే కాలం రాగానే నూకాలుకి చిన్న చిన్న డెక్కలు మళ్ళీ మొలిచాయి. చిట్టికి కాళ్ళూ, డెక్కా మొలిచాయి. సూటిగా నడవగలిగి కూడా అది అడ్డంగానే నడిచింది.

అప్పటినుంచే పీతలు అడ్డంగా నడుస్తున్నాయి. ఎక్కడో ఓ చోట, ఒకటీ అరా ఇప్పటికీ సూటిగా ముందుకి నడుస్తూ కనబడతాయి. వాటిని ఏ పీతా ఏమీ అనదు.