పచ్చికలో రేకుల మోత

ఆదివారం పొద్దున శిష్యులకి గీతాపాఠం చెప్పడం ముగిశాక పరాంకుశంగారికి ఒక సరదా ఉంది. చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, తప్పులేదు, ఆయనా నవ్వుతారు. రైల్వేలో రిటైరైన జోగినాయుడనే స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని, నేలలో లోహం ఉంటే కూసే మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని, విశాఖపట్నం పార్కుల్లో పచ్చిక గాలిస్తూ తిరుగుతారు. చంటిపిల్లల పట్టీలు, వాకింగుకొచ్చిన వాళ్ల తాళంచెవులు దొరుకుతుంటాయి. దొరికినదాన్ని వాచ్‌మన్‌కి అప్పజెప్పి, తవ్విన గడ్డిపెళ్లను మళ్లీ కప్పి, అరచేత్తో తట్టి, నీళ్లు చిలకరించి మరీ వస్తారు. భూమాతకి పుండు చేసి వదిలేస్తామా అంటారాయన.

ఆవేళ శిష్యుడు ఫణిభూషణం మెట్ల దగ్గర అడ్డుపడ్డాడు.

"గురువుగారూ, జపానికి కూర్చుంటే చాలు, మనసులో చెత్తంతా పైకొస్తోంది. ఆ తలపులు అసలు రాకుండా నోరు మూయించే ఉపాయం చెప్పండి."

"ముందు మాతో రా. ఇవాళ ఇంకో చెయ్యి కావాలి," అన్నారు గురువుగారు.

పార్కు గేటు దగ్గర పైడితల్లి కళ్లు తుడుచుకుంటూ నిలబడి ఉంది. దగ్గర్లోని ఒక ఇంట్లో ముసలావిణ్ణి కనిపెట్టుకుని ఉండే మనిషి. రోజూ సాయంత్రం ఆ మామ్మగారిని చక్రాల కుర్చీలో ఇక్కడికి తీసుకొస్తుంది.

"మామ్మగారి ఏలు సన్నబడిపోనాది బాబూ. నిన్న ఉంగరం ఎప్పుడు జారిపోనాదో నాకు తెల్దు, ఆవిడకేమో గుర్తునేదు. దొంగవని కోడలుగారు నోటితో అన్లేదు గానీ, ఉంగరం దొరికితేనే మళ్లీ రమ్మన్నారు. ఆ పేరొచ్చీసినాక ఇంకే ఇంట్లో నన్ను గుమ్మం ఎక్కనిత్తారు?"

వాచ్‌మన్ మరో మాట చెప్పాడు. పదింటికి గేటు మూసి గడ్డి కోసే మిషను దింపుతారట. ఇక ఆ తర్వాత ఉంగరం ఏమైపోతుందో ఎవరు చెప్పగలరు?

కుర్చీ నిలిపిన చోటు పైడితల్లి చూపించింది. యంత్రం ఫణిభూషణం చేతికిచ్చి, పెద్దలిద్దరూ తవ్వడానికి కూర్చున్నారు. యంత్రం కుయ్యిమంది. తవ్వితే చాక్లెట్ రేకు. మళ్లీ కుయ్యిమంది. మాత్రల రేకు. ఇంకోసారి కూసింది. ఇంకో రేకు.

"ఏటి పంతులూ, మున్సిపాలిటీవోళ్లు మనకి జీతమిచ్చీయాలి," అన్నాడు జోగినాయుడు నడుం పట్టుకుని.

అలా కాసేపు గడిచేసరికి ఫణిభూషణానికి విసుగొచ్చింది. రేకుల్ని పట్టించుకోకుండా ఉండేందుకు యంత్రానికి ఒక మీట ఉంది. పెద్దలు వెనకాల గుంటలు పూడుస్తుండగా, వాళ్లకి చెప్పకుండా అది నొక్కేశాడు. మోత ఆగిపోయింది. ఆహా, ఏమి ప్రశాంతత! చోటంతా చకచకా తిరిగి, అటుపక్క మొక్కల దాకా వెళ్లొచ్చి, "ఇక్కడ లేదమ్మా," అన్నాడు. పైడితల్లి ఉన్నచోటే కూలబడిపోయింది.

గురువుగారు తలెత్తారు. "ఏమిటయ్యా, యంత్రం ఒక్కసారిగా ఇంత బుద్ధిమంతురాలైపోయింది?"

"రేకుల మీట నొక్కానండీ. చెత్తంతా తప్పింది."

ఆయన తన వేలి సన్నటి బంగారు ఉంగరం తీసి గడ్డిలో వేశారు. "దీనిమీద తిప్పు."

తిప్పాడు. కిమ్మనలేదు. ఎదురుగా తళతళా మెరుస్తున్న బంగారం, నాయనలారా, దానిమీదుగా యంత్రం మూగదానిలా వెళ్లిపోయింది! ఫణిభూషణం మొహం పాలిపోయింది.

"చిన్న ఉంగరం గొంతూ రేకు గొంతూ దీనికి ఒక్కటేనయ్యా. రేకు వద్దంటే ఉంగరమూ వద్దన్నట్టే," అని గురువుగారు మీట వెనక్కి తిప్పారు. "లేమ్మా పైడితల్లీ. మేమింకా వెతకనే లేదు."

మళ్లీ మొదటినుంచి. కూసినచోటల్లా తవ్వారు. రేకు. సీసా మూత. రేకు. పదవుతోందని వాచ్‌మన్ ఈల వేశాడు. జోగినాయుడు వాడిమీద గుడ్లురిమాడు. మళ్లీ కూత. ఈసారి ఫణిభూషణమే మోకాళ్లమీద కూలబడి వేళ్లతో గడ్డివేళ్లు విడదీశాడు. కుర్చీ చక్రం కింద నలిగి మట్టిలో దిగబడిపోయిన ఉంగరం, అరంగుళం లోతున!

పైడితల్లి ఫోన్లో "అమ్మగారూ, దొరికీసినాది" అని ఏడ్చేసింది. జోగినాయుడు ఫోన్ లాక్కున్నాడు. "నాను సాచ్చినమ్మా. మట్టిలోంచి తీసినాం. ఈ పిల్లనేటైనా అన్నారో, మీ ఇంటికే వచ్చి కూకుంటాను." అవతల కోడలుగారు ఏమన్నారో గానీ, పక్కనుంచి వింటున్న పైడితల్లి ఏడుస్తూనే నవ్వింది. కొంగుతో మొహం తుడుచుకుని, మామ్మగారికి ఫలహారం వేళైందంటూ పరుగుపెట్టింది. అందరి గుండెలమీంచీ బరువు దిగింది. ఆ స్వామి దయ!

తిరిగొస్తుంటే యంత్రం ఫణిభూషణమే భుజాన వేసుకున్నాడు. కొంతదూరం నడిచాక నెమ్మదిగా అన్నాడు. "గురువుగారూ, జపంలో నాకు మాటిమాటికీ మా తమ్ముడి మొహం వస్తుంది. ఒక మాట తూలి వాణ్ణి దూరం చేసుకున్నాను. అదీ రేకే కదండీ?"

గురువుగారు నడక ఆపకుండానే అన్నారు. "పైనుంచి వింటే నాకూ అలాగే ఉంది నాయనా. తవ్వితేగా తెలిసేది!"