కాలే బండల మీద పుదీనా నీళ్లు

సుంకమ్మ కోళ్లు నీళ్లు తాగడం లేదు. దాదాపీరుకు వచ్చిన కష్టం అదీ.

గుట్ట కింద చిన్న దర్గా. దాన్ని చూసుకునే జమాల్ బాబాకు డెబ్బై దాటాయి. ఆయన దగ్గరికి దాదాపీరు వచ్చి ఏడాదైంది. అంతకు ముందు ఆదోనిలో ఒక హకీం దగ్గర పదేళ్లు మందులు నూరాడు. ఏ వేరు చలవ, ఏ ఆకు వేడి, దేన్ని దేనితో కలపాలి, ఎంతసేపు కాచాలి, నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. హకీం పోయాక, చేతికి విద్య ఉంది గానీ మనసుకు దిక్కు లేదనిపించి, బాబాను వెతుక్కుంటూ వచ్చాడు.

సుంకమ్మది దర్గా వెనక ఇల్లు. ఒంటరి మనిషి. ఏటా మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోయే కూలీల గుంపుతో తనూ పోతుంది. ఈసారి పోయే ముందు తన ఎనిమిది కోళ్లనూ దర్గా పెరట్లోకి తెచ్చింది. వాటిలో నల్లది, కాకి పెట్ట, పన్నెండు గుడ్లను పొదుగుతూ కూర్చుంది. దాన్ని గంపతో సహా మోసుకొచ్చింది.

"ఈ ఎండలకు ఇవి బతికితే చాలు బాబా. నాకుండేది ఇవే."

బాబా నోరు తెరిచేలోపే దాదాపీరు అందుకున్నాడు.

"గుండె మీద చెయ్యేసుకోని పోయిరా సుంకమ్మక్కా. వడదెబ్బకు పడిపోయిన మనుషుల్నే లేపి కూర్చోబెట్టినోణ్ణి. కోళ్లొక లెక్కనా?"

బాబా అతనికేసి ఒకసారి చూసి, సుంకమ్మ చేతిలోంచి గంప అందుకున్నాడు.

వారం తిరిగేసరికి ఎండలు ముదిరాయి. పొద్దున పదింటికే గుట్ట వైపు నుంచి వడగాలి మొదలయ్యేది. కోళ్లు ముక్కులు తెరుచుకుని, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టుకుని రొప్పసాగాయి.

దాదాపీరు ఇలాంటి రోజు కోసమే ఎదురుచూస్తున్నట్టు పొయ్యి వెలిగించాడు. పుదీనా, తులసి, ధనియాలు, సుగంధిపాల వేరు. అన్నీ చలవ చేసేవే. వట్టివేళ్లు కూడా ఒక మోపు తెప్పించి, అందులోంచి గుప్పెడు తీసి వేశాడు. బిందెడు నీళ్లు నాలుగో వంతుకు దిగేదాకా మరిగించాడు. దర్గాకు వచ్చినవాళ్లు ఆగి గాలి పీల్చి, "ఏం మందప్పా ఇది, వాసనకే పానం లేచొస్తాంది!" అన్నారు.

గోడవార మట్టి తప్ప పెరడంతా నల్ల బండలు పరిచి ఉంటుంది. సరిగ్గా దాని నడుమ, వచ్చేపోయేవాళ్లందరికీ కనపడేలా, పెద్ద మట్టిమూకుడు పెట్టి దాన్నిండా కషాయం పోశాడు. మామూలు నీళ్లుంటే మందు ముట్టవని, కోళ్లు తాగే తొట్టిలో నీళ్లు పారబోశాడు.

కోళ్లు రాలేదు. పెరటి మూలన, స్నానాల గది గోడ పక్కన కాస్త తడి ఉంటే అక్కడ చేరి బురదను పొడుచుకున్నాయి.

రెండో రోజు కషాయంలో బెల్లం కలిపాడు. పుంజు ఒక్కటి మూకుడు దాకా పరుగెత్తి, తల వంచి, ముక్కు విదిలించుకుని వెనక్కి పోయింది.

మూడో రోజు దాదాపీరుకు కోపం వచ్చింది. ఒక్కొక్క కోడినే తరిమి పట్టుకుని, ముక్కు తెరిచి కషాయం పోయడం మొదలుపెట్టాడు. మూడు కోళ్లకు పోశాడు. నాలుగోది ఎర్ర డేగ పెట్ట. ఆ ఎండలో పెరడంతా తిప్పింది. చివరికి దొరికింది. చంకలో గింజుకుంది. పోసిన మందు సగం గొంతులోకి, సగం ఇంకెటో పోయింది. రెండుసార్లు రెక్కలు కొట్టుకుని మెడ వాల్చేసింది.

దాదాపీరు దాన్ని కిందపెట్టాడు. మిగతా కోళ్లు గోడకు అతుక్కుపోయి అతన్నే చూస్తున్నాయి.

బాబా లోపల చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాడు.

"బాబా, డేగ పెట్ట పోయింది."

"ఎట్ల?"

"మందు తాపిస్తాంటే. గింజుకునింది." దాదాపీరు పెరటి వైపు చెయ్యి చూపాడు. "మందులో తప్పు లేదు బాబా. పదేళ్లు చేసిన చెయ్యి ఇది. వాటికే తెలివి లేదు. కండ్ల ముందర పెట్టినా తాగవు."

బాబా చేతులు తుడుచుకుని లేచాడు.

"తెలివి లేనివి మన దగ్గరికి రాలేవు కదప్పా. తెలివి ఉన్నోడే వాటి దగ్గరికి పోవాల. పద."

ఇద్దరూ పెరటి గడపలోకి వచ్చారు. నడినెత్తిన సూర్యుడు. పెరటి నడుమ మూకుడు మెరుస్తోంది.

"ఆ మూకుడు తీసుకొనిరా," అన్నాడు బాబా.

దాదాపీరు అడుగు వేయబోయాడు.

"చెప్పులు ఈడ ఇడ్సిపో."

దాదాపీరు చెప్పులు విడిచి బండల మీద కాలు పెట్టాడు. రెండడుగులు మామూలుగానే వేశాడు. మూడో అడుగుకు మడమ ఎత్తాడు. ఆ తర్వాత గెంతాడు. మూకుడు అంచు పట్టుకుంటే పెనం పట్టుకున్నట్టు చురుక్కుమంది. వదిలేయలేక, నిలబడలేక, సగం ఒలకబోసుకుంటూ పరుగెత్తి వచ్చి గడప పక్క నీడలో పడ్డాడు. అక్కడ నీడ కూడా జానెడే. ఒక కాలు దించి ఒక కాలు ఎత్తుతూ నిలబడ్డాడు.

"తాగు," అన్నాడు బాబా.

దాదాపీరు మూకుడు పెదాలకు ఆనించుకున్నాడు. పొయ్యి మీంచి అప్పుడే దించినట్టుంది. ఒగరు, చేదు, ఎండకు పులిసిన బెల్లం. మింగుడు పడలేదు. బాబా ముందర ఉమ్మడానికి మనసు రాలేదు. కళ్లు మూసుకుని మింగాడు.

"ఇంకొంచెం," అన్నాడు బాబా మెల్లగా.

దాదాపీరు తల అడ్డంగా ఊపాడు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా గోడ పక్కన కోళ్లు. జానెడు నీడలో ఇరుక్కుని, ఒక కాలు దించి ఒక కాలు ఎత్తుతూ నిలబడి ఉన్నాయి.

ఏదో చెప్పబోయి బాబా వైపు తిరిగాడు. బాబా అప్పటికే లోపలికి వెళ్లి చింతపండు ముందు కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం దాదాపీరు కషాయమంతా పారబోశాడు. లోపలి కుండలోంచి చల్లటి నీళ్లు తెచ్చి, లోతు లేని పళ్లెంలో పోసి, గోడ పక్క తడి మీద పెట్టాడు. ఒక్క పుదీనా రెమ్మ తుంచి, వేళ్లతో నలిపి అందులో వేశాడు. ఆగి, అందులోంచి కూడా సగం ఆకులు తీసేశాడు. దోసిట్లోకి తీసుకుని తాగి చూశాడు. గొంతు చల్లగా జారింది.

కానీ కోళ్లు రాలేదు. అతను అడుగు కదిపితే చాలు, రెక్కలు విప్పుకుని అవతలి మూలకు పరుగెత్తాయి. పొద్దున వాటిని తరిమిన కాళ్లు అవే కదా.

దాదాపీరు వాటికి వీపు పెట్టి గోడవారన నేల మీద కూర్చున్నాడు. వడగాలి ముఖానికి కొట్టింది. చెమట కారి ఆరింది, మళ్లీ కారింది. గంట అయిందో ఎంత అయిందో. వెనకాల చిన్న చప్పుడు, ముక్కు నీళ్లను తాకిన చప్పుడు వినిపించింది. కాసేపటికి ఇంకొకటి. తర్వాత చాలా చప్పుళ్లు ఒకదాని మీద ఒకటి.

తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుంది. చూడలేదు. పొద్దు వాలేదాకా అట్లాగే కూర్చున్నాడు.

మర్నాడు డేగ పెట్టను పాతిన చోట మట్టి సరిచేసి వచ్చి, మిగిలిన వట్టివేళ్లన్నీ తడికగా కట్టి వడగాలి వచ్చే వైపు వేలాడదీశాడు. పూటకు నాలుగుసార్లు దాన్ని తడిపాడు. తడికలోంచి వచ్చే గాలి చల్లబడి, మట్టివాసనతో పెరట్లోకి దిగేది. కోళ్లు దాని కింద తడిమట్టిలో గుంటలు చేసుకుని పడుకునేవి.

ఇక మిగిలింది కాకి పెట్ట. అది గంపలో గుడ్ల మీంచి లేవదు. పళ్లెం పక్కనే పెట్టినా తల తిప్పదు. దాని నెత్తి మీది ఎర్ర జుట్టు పాలిపోతోంది. పోతే అదొక్కటే కాదు, కింద పన్నెండు.

దాదాపీరు వేలు నీళ్లలో ముంచి దాని ముక్కు దగ్గర పెట్టాడు. కాకి పెట్ట కస్సుమని పొడిచింది. రక్తం చిమ్మింది.

"పొడుస్తాంది బాబా."

"పొడవనీ," అన్నాడు బాబా అరుగు మీంచి. "నీ చెయ్యి ఏం చేసిందో అది చూసింది కదా."

దాదాపీరు మళ్లీ వేలు ముంచాడు. మళ్లీ పొడిచింది. సాయంత్రానికి వేలికి గుడ్డ చుట్టుకుని ఇంకో వేలు ముంచాడు. రెండో రోజు పొడవడం తగ్గింది. మూడో రోజు మధ్యాహ్నం, వేలి చివర వేలాడుతున్న చుక్కను కాకి పెట్ట ఒక కంటితో చూసి, చూసి, తాగింది. తల పైకెత్తి మింగింది. ఇంకో చుక్క. ఇంకోటి. పళ్లెం దగ్గరికి జరిపితే మెడ చాచి తాగింది.

దాదాపీరు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి చెయ్యి కదపలేదు. కదిపితే బెదురుతుందని.

సుంకమ్మ తిరిగి వచ్చేటప్పటికి పది పిల్లలు లేచాయి. ఎండకు నల్లబడిన ముఖంతో, నెత్తిన మిరపకాయల మూటతో అట్లాగే పెరట్లోకి వచ్చి, మూట దించకుండానే నవ్వింది.

"అయ్యో నా బంగారాలు! పది పిల్లలా!"

తర్వాత కళ్లతో కోళ్లన్నిటినీ తడిమింది.

"డేగ పెట్ట యాడ?"

వడదెబ్బ తగిలింది అంటే సరిపోయేది. ఆ ఎండల్లో ఎవరైనా నమ్ముతారు. అరుగు మీద బాబా తల ఎత్తలేదు.

"నా చేతుల్లో పోయింది అక్కా," అన్నాడు దాదాపీరు. "ఎండకు కాదు. బలవంతంగా మందు పోస్తాంటే పోయింది. తప్పు నాదే."

సుంకమ్మ మూట దించి కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అది నా చేతి మీదకెక్కి తినేది," అంది.

చెయ్యి చాచి ఒక పిల్లను ఒళ్లోకి తీసుకుంది. తడికలోంచి వచ్చే గాలికి కళ్లు మూసుకుంది. పోయేటప్పుడు గంప ఎత్తుకోలేదు.

"ఎండలు పోయేదాకా ఈడనే ఉండనీ దాదాపీరూ. నువ్వే చూసుకో. నా ఇంట్లో ఇంత సల్లగా ఉండదు."

దాదాపీరు తల ఊపాడు.

సుంకమ్మ నోటి మాట గుట్ట అవతలి లంబాడీల తాండా దాకా పోయింది. నాలుగు రోజుల తర్వాత, మిట్టమధ్యాహ్నం, తాండా పెద్ద సోమ్లా నాయక్ చెమటలు కక్కుతూ వచ్చాడు.

"మా తాండాలో కోళ్లు రాలిపోతాండాయి సామీ. నువ్వేదో ఆకు వేస్తావంటనే? దాని పేరు చెప్పు, పోయి అందరికీ చెప్తా."

దాదాపీరు నోరు తెరిచాడు. పేర్లన్నీ నాలుక చివరికి వచ్చాయి. వాటిని అక్కడే ఆపేశాడు.

"ఈ టైములో మీ కోళ్లు యాడ నిలబడతాయి నాయకా?"

"కోళ్లా?" సోమ్లా నాయక్ బుర్ర గోక్కున్నాడు. "యాడనో నిలబడతాయి. ఎవరు చూసినారు?"

దాదాపీరు పెరట్లోకి వెళ్లి నాలుగు పుదీనా రెమ్మలు తుంచి తడిగుడ్డలో చుట్టాడు. తలకు తువ్వాలు కట్టుకున్నాడు.

"పద, పోదాం."

"ఇంత ఎండలోనా? సల్లబడినాక రా సామీ, ఏం తొందర?"

"సల్లబడినాక వస్తే నాకేం తెలుస్తుంది?" అన్నాడు దాదాపీరు. అప్పటికే అతను దారిలోకి దిగాడు.