ఎవరికీ లేని పేరు

మౌలాలి తాత తన శిష్యులకు కొత్త పేర్లు పెట్టేవాడు కాదు. కొండ కింద ఆయన గుడిసెకు ఎవరు వచ్చి చేరినా ఇంటి దగ్గర ఏ పేరో ఇక్కడా అదే పేరు. దస్తగిరి అనే శిష్యుడికి ఇది నచ్చలేదు.

"నా పేరుకు అర్థమేంది సామీ?" అని ఒకనాడు అడిగాడు.

"పారసీ మాట. దస్త్ అంటే చెయ్యి. ఆపదలో చెయ్యి పట్టుకునేవాడని అర్థం."

"పుట్టిన బిడ్డలు దక్కకపోతే మాయమ్మ దస్తగిరి సామి జెండాకు మొక్కుకుని నాకీ పేరు పెట్టింది. ఆమె పోయింది. ఆమె తర్వాత నా చెయ్యి పట్టుకున్నోళ్లు లేరు. సాయిబులకూ ఇదే పేరు, మా గొల్లోళ్లకూ ఇదే పేరు. మా ఊర్లో రాయి విసిరితే ఎవడో ఒక దస్తగిరికే తగుల్తాది. నాకు ఎవరికీ లేని పేరు పెట్టు. లేదంటే పోతా."

గంధం పండుగ నాడు తాత అతన్ని వెంటబెట్టుకుని వెళ్లి దస్తగిరి సామి దర్గా వాకిట్లో కూర్చున్నాడు.

జనంలో ఒక ముసలామె "ఒరే దస్తగిరీ" అని గట్టిగా పిలిచింది. నలుగురైదుగురు తిరిగి చూశారు.

"ఏ దస్తగిరి అవ్వా? సోడాల దస్తగిరా, మేకల దస్తగిరా?" అని బొరుగులు అమ్మేవాడు నవ్వాడు.

"మావాడే లేప్పా."

తిరిగి చూసినవాళ్లు తమ తల్లి కాదని తెలుసుకుని ఎవరి దోవన వాళ్లు పోయారు. ఆమె మళ్లీ పిలిచింది. శిష్యుణ్ణి ఆ పేరుతో అట్లా పిలిచేవాళ్లు లేక చాలాకాలమైంది. ఉండబట్టలేక లేచి ఆమె దగ్గరికి వెళ్లాడు.

"తప్పిపోయినాడా మా? ఎట్టుంటాడో చెప్పు, వెతికి తెస్తా."

"వద్దు నాయనా. వాడు చచ్చిపోయి శానా ఏండ్లయింది. ఇంట్లో పిలిస్తే ముసిల్దానికి పిచ్చి పట్టిందంటారు. అందుకని నోరు కట్టుకునుంటా. ఈడ జనంలో ఎంత గట్టిగా పిలిచినా ఎవరూ ఏమనుకోరు. ఎవడో ఒకడు తిరిగి కూడా చూస్తాడు."

ఇంకో రెండుసార్లు పిలుచుకుని, కొంగుతో మొహం తుడుచుకుని, బస్సు పోతుందంటూ ఆమె వెళ్లిపోయింది.

శిష్యుడు వచ్చి తాత పక్కన కూర్చున్నాడు.

"ఎవరికీ లేని పేరు పెట్టడం ఎంతసేపు," అన్నాడు తాత. "రేపు నువ్వు లేకుండా పోతే ఆ పేరు పెట్టి పిలుచుకోవాల్సినవాళ్లు యాడికి పోవాల్నో, అది మాత్రం నువ్వు చెప్పు."