పని అడగలేని మేస్త్రీ

గంటలపేట జూట్ మిల్లులో మగ్గాలు బాగుచేసే గవరయ్య అనే మేస్త్రీ ఉండేవాడు. ఆకాశం విరిగి నెత్తిన పడ్డా "అబ్బా" అని పైకి అనని గొప్పలమనిషి.

అతని పనితనం చెప్పాలంటే నాలుగు నోళ్ళు కావాలి. ఆ మిల్లులో రెండు వందల మగ్గాలు ఒక్కసారి మోగితే ఏటి అవతలి గేదెలు తాళ్ళు తెంపుకునేవి. అంత మోతలోనూ గవరయ్య గేటు బయట టీ తాగుతూనే, "నూట పదమూడో మగ్గానికి బోల్టు వదులైంది, చూడండ్రా!" అనేవాడు. వెళ్ళి చూస్తే వదులయ్యే ఉండేది. కలకత్తా నుంచి వచ్చిన ఇంజనీరు మూడు రోజులు విప్పి బిగించినా కదలని యంత్రానికి గవరయ్య చెవి ఆనించి విన్నాడు. ఒకే ఒక్క సుత్తి దెబ్బ వేశాడు. అది గుర్రంలా లేచి పరుగెత్తింది. ఆ ఇంజనీరు తిరిగి రైలెక్కేదాకా తల ఎత్తలేదట!

అంతటి మేస్త్రీకీ చెడ్డ రోజు వచ్చింది. ఆ ఏడాది ఆయుధ పూజనాడు కార్మికులంతా పసుపు కుంకుమలు, బూడిద గుమ్మడికాయలు పట్టుకుని మగ్గాలకు పూజ చేయడానికి వెళ్ళారు. గేటుకు తాళం వేసి ఉంది. పక్కనే ఒక కాగితం అంటించి ఉంది. మిల్లు మూసేశారు. ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. చివరికి ఆ తాళానికే బొట్టు పెట్టి, దాని ముందే గుమ్మడికాయ కొట్టి ఇళ్ళకు మళ్ళారు.

గవరయ్య మాత్రం అరుగు మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. "నా చెవి లేకుండా ఏ మిల్లు నడుస్తుంది? వారం తిరక్కుండా మూడు మిల్లులవాళ్ళు కార్లేసుకుని వస్తారు," అన్నాడు.

రెండు వారాలు తిరిగాయి. కారు కాదు కదా, సైకిలు కూడా ఆ వీధిలోకి రాలేదు. వాన వెనకబట్టింది, మంచు మొదలైంది, ఏటి గాలి చల్లబడింది.

అతని భార్య పైడమ్మ నోరు తెరవకుండానే ఇల్లు సర్దుకుంది. గుమ్మడిపండు కూరకి, తొక్క పచ్చడికి, గింజలు వేయించి నంజుకోవడానికి సరిపెట్టింది. గ్యాసు బండ పక్కన పెట్టి, ఎండిన కొబ్బరి మట్టలు ఏరుకొచ్చి పొయ్యి రాజేసింది. పొద్దు ఉండగానే పనులన్నీ ముగించి ఒకే దీపంతో గడిపేది. నలుగురితో చెప్పుకుని చేసి ఉంటే అదేమీ కష్టం కాదు. వీధిలో సగం ఇళ్ళు అలాగే బతుకుతున్నాయి. కానీ ఆ సంగతి బయటికి పొక్కడం గవరయ్యకు ప్రాణసంకటం. అందుకే ఒక ఉపాయం పన్నాడు.

"పైడమ్మా, మనం నక్తాలు ఉంటున్నాం," అన్నాడు. నక్తం అంటే కార్తీక మాసంలో పగలంతా ఉపవాసం ఉండి, సాయంత్రం చుక్క పొడిచాక ఒక్క పూట తినడం.

"కార్తీకం రావడానికింకా వారం ఉంది కదయ్యా!"

"భక్తికి వారాలేటే?"

"దేవుడు నెల రోజులే అడిగాడు. మనం ముందుగానే కట్టేస్తున్నామా?" అని పైడమ్మ నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

అప్పటినుంచి పక్కింటివాళ్ళు "భోజనాలయ్యాయా?" అంటే, గవరయ్య విభూతి రేఖలు చూపించి, "మాది నక్తం! చుక్క చూడనిదే మెతుకు ముట్టం," అని వీధి చివరిదాకా వినిపించేలా చెప్పేవాడు. చుక్క పొడిచాక పైడమ్మ అతనికి వడ్డించేది. తన కంచం దగ్గరికొచ్చేసరికి, "నాకివాళ చుక్క కూడా లేదు, పూర్తి ఉపవాసం," అనేది. ఆ మాట సోమవారం అంది. బుధవారం అంది. శుక్రవారమూ అంది. గవరయ్యకు గిన్నె అడుగు కనిపిస్తూనే ఉంది. అతను తల తిప్పుకుని చెయ్యి కడుక్కునేవాడు.

ఆ రోజుల్లోనే ఊళ్ళో 'పనిబాట' అనే సేవా సంఘం పాత గ్రంథాలయంలో తలుపు తెరిచింది. పని పోయినవాళ్ళకు దరఖాస్తులు రాసిపెట్టేవారు. ఇస్త్రీ చేసిన చొక్కా, బస్సు పాసు ఇచ్చేవారు. పని దొరికేదాకా ఇంటికి బియ్యం, పప్పు పంపేవారు. దాన్ని నడిపేది వరహాలమ్మ టీచరు, రిటైరైన పెద్ద పంతులమ్మ.

గవరయ్య కింద పదేళ్ళు పనిచేసిన దాలయ్య ఒకరోజు వచ్చాడు. "మేస్త్రీ, నేను పేరు రాయించుకున్నాను. నువ్వూ రా. టీచరమ్మ ముఖం మాడ్చుకోదు, చక్కగా కూర్చోబెట్టి అడుగుతుంది," అన్నాడు.

"నేనా? చెయ్యి చాచడానికా? నన్ను అహ్మదాబాదువాళ్ళు పిలుస్తున్నార్రా! నేనే ఆలోచించుకుంటున్నాను."

"అవునా! నీకేం మేస్త్రీ, నీది రాజా బతుకు," అని దాలయ్య మనస్ఫూర్తిగా సంతోషించి వెళ్ళిపోయాడు.

మరునాడు దండోరాలాంటి కబురు వచ్చింది. పక్క పట్నంలోని గోనెసంచుల మిల్లుకు మగ్గాల మేస్త్రీ కావాలట. ఒక్కడే కావాలట. మనిషిని పనిబాట సంఘమే ఎంచి పంపాలట. అది విన్న గవరయ్య గుండె రెండు వందల మగ్గాల్లా మోగింది. ఆ పని తన కోసమే పుట్టిందనుకున్నాడు. పైడమ్మ కూడా, "ఈ ఒక్కసారి అడుగయ్యా. నాకు నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి," అంది.

గవరయ్య జరీ అంచు పంచె కట్టాడు, ఉత్తరీయం వేశాడు. పెళ్ళికొడుకులా గ్రంథాలయం మెట్లెక్కాడు. లోపల బల్ల మీద వరసగా తన చేతికింద పనిచేసినవాళ్ళే కూర్చుని ఉన్నారు. అందరూ లేచి నిలబడ్డారు. "మేస్త్రీ గారొచ్చారు!" అన్నారు.

వరహాలమ్మ టీచరు కళ్ళజోడు సవరించుకుంది. "రండి బాబూ. పని కోసం వచ్చారా?"

ఆ ఒక్క ప్రశ్నకు ఒక్క 'అవును' చాలు. యాభై కిలోల ఇనుప దూలాన్ని చిటికెన వేలితో లేపిన మనిషికి ఆ మాట నాలుక మీంచి లేవలేదు. ఇరవై కళ్ళు తనను చూస్తున్నాయి.

"పని కోసమా! భలేవారే," అని నవ్వాడు. "మావాళ్ళకి ఏదైనా సాయం చేద్దామని వచ్చాను. ఒక బస్తా బియ్యం కూడా పంపుతాను, రాసుకోండి."

టీచరు చేతులు జోడించింది. "మహానుభావులు. అయితే ఇంకో సాయం కూడా చేయండి. ఆ మేస్త్రీ పనికి వీళ్ళలో ఒకరిని తయారుచేయాలి. మీకంటే చెప్పగలిగేవారెవరు?" అతని ముఖంలోకి చూసింది. "మీకే ఆ పని కావాలంటే మాత్రం మొహమాటపడకండి. ముందు మిమ్మల్నే పంపుతాను."

తలుపు రెండోసారి తెరుచుకుంది. గవరయ్య రెండోసారీ దాన్ని తన చేత్తోనే మూసేశాడు. "నాకు అహ్మదాబాదు ఉందమ్మా," అన్నాడు.

చలికాలమంతా రావాలని పైడమ్మ పిడికెడు పిడికెడుగా తీస్తున్న ఆఖరి బియ్యం బస్తా ఆ సాయంత్రం రిక్షా ఎక్కింది. పైడమ్మ గుమ్మం పట్టుకుని చూసింది. "ఎవరికయ్యా?" అంది.

"లేనివాళ్ళకి," అన్నాడు గవరయ్య.

పైడమ్మ లోపలికి వెళ్ళి డబ్బా అడుగున మిగిలిన నూకలు కొలుచుకుంది.

టీచరు ఆ పనికి దాలయ్యను ఎంచింది. పది రోజులు గవరయ్య అతనికి పాఠం చెప్పాడు. ఆ పాఠం అలాంటిలాంటిది కాదు. మగ్గం ఎలా దగ్గుతుందో, ఎలా మూలుగుతుందో నోటితో చేసి చూపించాడు. గ్రంథాలయం కిటికీ అద్దాలు అదిరాయి. మొద్దు రాయిని కూర్చోబెట్టినా మేస్త్రీ అయి లేచేది. పదకొండో రోజు దాలయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కాడు. సాయంత్రానికి ఉద్యోగంతో తిరిగొచ్చి గవరయ్య కాళ్ళకు దండం పెట్టాడు. గవరయ్య దీవించాడు. ఇంటికి నడుస్తుంటే ఏటి గాలి ఎముకల్లోకి దూరినట్టయింది.

మరునాడు పొద్దున్నే బోరింగు దగ్గర నీళ్ళ బిందె ఎత్తబోయి పైడమ్మ సిమెంటు గట్టు మీద పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ధర్మాసుపత్రిలో డాక్టరు ఆమె కనురెప్ప లాగి చూశాడు. "ఈమె తిని ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"కార్తీక నక్తాలు బాబూ..." అని గవరయ్య మొదలుపెట్టాడు.

"దేవుడి మీదికి నెట్టకు. ఇది ఆకలి."

మంచం మీద పైడమ్మ కళ్ళు తెరిచింది. డాక్టరుతో సన్నగా, "ఆయన్నేమీ అనకండి బాబూ. ఉపవాసం నేనే ఉన్నాను," అంది. ఆ స్థితిలోనూ మొగుడి గొప్ప కాపాడబోయింది. గవరయ్య అక్కడ నిలబడలేకపోయాడు.

విభూతి లేదు, ఉత్తరీయం లేదు. నలిగిన బనీనుతోనే గ్రంథాలయానికి వెళ్ళాడు. బల్ల మీద జనం ఉన్నారు. అందరి ముందూ నిలబడి, "టీచరుగారూ, నాకు పని లేదు. ఇంట్లో బియ్యం లేవు. నన్నెవరూ పిలవలేదు," అన్నాడు. అంత పెద్ద గొంతు కూడా పిల్లి గొంతయిపోయింది.

వరహాలమ్మ టీచరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఈ మాట పది రోజుల కిందట చెప్పి ఉంటే బాగుండేది బాబూ," అంది. "బియ్యం ఈ పూటే ఆసుపత్రికి పంపుతాను. పని మాత్రం... ఉల్లిపాయల గోదాములో మూటలు మోసేది ఒక్కటే ఉంది."

"రాయండమ్మా," అన్నాడు గవరయ్య.

కబురు తెలిసి దాలయ్య ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చాడు. పైడమ్మను చూసి తల బాదుకున్నాడు. "నీకు పని లేదని ఒక్క ముక్క చెప్పి ఉంటే, నేనా బల్ల మీద కూర్చునేవాణ్ణా మేస్త్రీ? రేపే వెళ్ళి ఆ పని నీకిమ్మని అడుగుతాను."

అన్నట్టే వెళ్ళి అడిగాడు. కాగితాల మీద సంతకాలైపోయాయి, ఇక మార్చేది లేదన్నారు మిల్లువాళ్ళు.

ఆ చలికాలమంతా గవరయ్య ఉల్లి మూటలు మోశాడు. పైడమ్మ మళ్ళీ కర్ర లేకుండా నడవలేదు. పనిబాట బియ్యం ఇంటికి వచ్చేవి. వీధిలోవాళ్ళు కూర తెచ్చిచ్చేవారు. ఎవరూ ఒక్క ఎగతాళి మాట అనలేదు. ఇన్నాళ్ళూ ఎవరి నవ్వుకు భయపడ్డాడో, ఆ నవ్వు ఆ వీధిలో ఎక్కడా లేదని గవరయ్యకు అప్పుడు తెలిసింది.

నీతి: కష్టం వచ్చినప్పుడు పొదుపుగా బతకడంలోనూ, సాయం అడగడంలోనూ సిగ్గు లేదు, లేమిని గొప్పలతో కప్పిపుచ్చుకుంటే ఆ గొప్పలకు ముందుగా బలయ్యేది మనల్ని నమ్ముకున్నవాళ్ళే.