ఊడ్వని దారిలో కంకర సైకిలు

గుర్రాలు మాని సైకిళ్ళెక్కిన రాజ్యం ఒకటుండేది. దాన్ని ఏలే వీరకంఠీరవ మహారాజుకు సన్నచక్రాల సైకిలు ఉండేది. ఒంటి చేత్తో ఎత్తేంత తేలిక. నున్నటి బాట మీద దూసుకుపోయేది. ఆయన బావమరిది, సేనాపతి రణధీరుడిది కొండసైకిలు. లావుపాటి టైర్లు, ముందు స్ప్రింగులు. బండరాళ్ళ మీదికైనా ఎక్కేది.

ఆస్థాన హాస్యకవి కొండుభట్టు మాత్రం చిన్నరాళ్ళ దారిలోనూ పరుగెత్తే కంకర సైకిలు తెప్పించుకున్నాడు. హ్యాండిలు రాజుగారి సైకిలుకు లాగే పొట్టేలు కొమ్ముల్లా వంగి ఉంటుంది. టైర్లు దానికన్నా వెడల్పు, కొండసైకిలుకన్నా సన్నం. స్ప్రింగుల బరువు లేదు.

"ఇదేం సైకిలయ్యా, అటూ కాదు ఇటూ కాదు!" అని రాజు నవ్వాడు. సభంతా నవ్వింది.

"అటూ పోతుంది, ఇటూ పోతుంది ప్రభూ," అని నోరు జారాడు భట్టు.

రాజుకు రోషం వచ్చింది. "అయితే రేపే పందెం! కోట నుంచి సరిహద్దు రాయి దాకా ముగ్గురం తొక్కుదాం. చివర వచ్చినవాడు రాజ్యం విడిచి పోవాలి!"

భట్టు హడలిపోయి ఇంటిదారి పట్టాడు. ఇంట్లో కూతురు నిండు చూలాలు. సంగతి విని భార్య నరసమ్మ కూలబడిపోయింది.

"ఇవాళో రేపో అన్నట్టున్న పిల్లను తీసుకుని ఏ దేశం పోతామండీ? ఆ నోరు కాస్త అదుపులో పెట్టుకోలేకపోయారా?"

భట్టు ఆలోచనలో పడ్డాడు. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. రాజు ఏ దారిన బయల్దేరినా ముందే మనుషులు వెళ్ళి, కంకర ఏరేసి, ఊడ్చి, నీళ్ళు చల్లి, చదును చేస్తారు. అందుకే తన రాజ్యంలో కంకర అనేది ఉందని కూడా పాపం ఆయనకు తెలియదు. అలాంటి చదును దారిలో రాజును అందుకోవడం కల్ల. సేనాపతి కండల ముందు భట్టు బొజ్జ నిలవదు.

పొద్దు వాలకముందే భట్టు కోటకు పరుగెత్తాడు. "ప్రభూ, రేపు గెలుపు తమదే. కానీ ఊడ్చిన వాళ్ళు, అది మా చీపుళ్ళ గొప్పేనని ఊరంతా చెప్పుకుంటే?"

రాజు మీసం దువ్వాడు. "ఎంత మాట! ఒక్క చీపురు కదలడానికి వీల్లేదు!"

మర్నాడు పందెం మొదలైంది. ఊళ్ళో రాతిబాట మీద రాజు కళ్ళు మూసి తెరిచేలోగా మాయమయ్యాడు. సేనాపతీ దాటిపోయాడు. భట్టు ఒక్కడే వెనకబడ్డాడు. కూతురు ముఖమే కళ్ళలో మెదులుతోంది. ఇక అంతా అయిపోయిందనుకున్నాడు.

ఊరు దాటగానే కంకర మొదలైంది. సేనాపతి ఎంత బలంగా తొక్కినా సగం స్ప్రింగులే మింగేస్తున్నాయి, లావు టైర్లు ఈడుస్తున్నాయి. భట్టు సైకిలు కరకరలాడుతూ ఆయన్ను దాటింది. మలుపులో టైరు చీలి, మోచెయ్యి గీరుకుపోయి కూర్చున్నాడు రాజు.

"భట్టూ, ఆగు! చివర వచ్చేది నేనే అవుతానేమోనయ్యా!" అని రాజు కేకేశాడు.

భట్టు ఇరుకున పడ్డాడు. ఆగితే ఇల్లు పోతుంది, ఆగకపోతే తల పోతుంది. "రాయి దగ్గర మనవి చేసుకుంటాను ప్రభూ!" అంటూ తొక్కేశాడు.

భట్టు ముందు చేరాడు, తర్వాత సేనాపతి. సైకిలు భుజాన మోసుకుంటూ రాజు చివర వచ్చాడు.

"మాట మాటే కదా బావగారూ!" అన్నాడు సేనాపతి. అప్పుడే సింహాసనం మీద కూర్చున్నట్టుంది ఆయన ముఖం. రాజు ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"నిజమే ప్రభూ, మాట తప్పకూడదు. రాయి దాటండి," అన్నాడు భట్టు.

రాజు తడబడుతూ అవతలికి అడుగు వేశాడు.

"రాజ్యం విడిచారు, ఆజ్ఞ తీరింది. తిరిగి రాకూడదని తమరు అనలేదే! దయచేయండి."

రాజు ఇవతలికి దూకి ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత అనుమానంగా చూశాడు. "ఇంత సులువైన ఉపాయం ఉండగా, నిన్నటి నుంచీ నువ్వెందుకయ్యా హడలిపోయావు?"

"నేను రాయి దాటితే, మళ్ళీ రమ్మనేవాళ్ళెవరు ప్రభూ?"

రాజు కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వి, మెడలోని ముత్యాల హారం తీసి భట్టు మెడలో వేశాడు.

"నీ కంకర సైకిలు ఇలా ఇవ్వు, వెనక్కి దానిమీదే వస్తాను. నువ్వు కొండసైకిలెక్కి కూతురి దగ్గరికి పో. మా బావమరిది నా సైకిలు మోసుకొస్తాడు!"