మనిషికి మూడు బారలు

నుతరాక్‌కి తన విల్లు మీద కోపం వచ్చింది.

ఇంటి దగ్గర బిర్రుగా ఉండే విల్లు నీళ్ళ పక్కకి వెళ్ళేసరికి మెత్తబడిపోతోంది. నాలుగు బాణాలు వెయ్యగానే చేతులు తడుస్తాయి, చేతులతోపాటు విల్లూ తడుస్తుంది. అయిదో బాణం చేప వీపు మీద గీత గీసి పక్కకి పోతుంది. చేప కూడా పోతుంది.

అది ఉత్తరాన, చెట్టన్నది మొలవని నేల. అక్కడి ఇన్యూట్ జనం చెట్టుని చూడకుండానే పుట్టి, చూడకుండానే పోయేవారు. ఎక్కడి నదులో పెరికి సముద్రంలో పడేసిన దుంగ ఏళ్ళ తరబడి తేలి తేలి ఆ ఒడ్డుకి చేరితే, అదే వాళ్ళకి కట్టె. ఉప్పు తిని, ఎండి, జీవం చచ్చిన కట్టె. ఒట్టిదాన్ని వంచితే పుటుక్కున విరుగుతుంది. అందుకని జింక వీపు నరాలు చీల్చి, తాడుగా పేని, విల్లు వీపున ఈ కొస నుంచి ఆ కొసకి వరసలు వరసలుగా కట్టేవారు. ఎముక పుల్లతో దానికి మెలి ఎక్కించేవారు. వంగేది కట్టె. బలం నరానిది.

ఆ పని తెలిసినవాడు ఆ తీరంలో ఉలాయుక్ ఒక్కడే మిగిలాడు. ముసలివాడు. పెళ్ళాం పిల్లలు లేరు. నోట్లో పళ్ళు నాలుగో అయిదో.

ఉలాయుక్ తన శిష్యుడు నుతరాక్‌ని "అన్నా" అని పిలిచేవాడు. ఆ జనంలో పోయినవాళ్ళ పేరు తర్వాత పుట్టినవాళ్ళకి పెడతారు. పేరుతోపాటు వరస కూడా వస్తుంది. ఉలాయుక్ సొంత అన్న పేరు కూడా నుతరాకే. వయసులోనే కరువుకి పోయాడు. ఆ పేరు ఈ కుర్రవాడికి పెట్టారు కాబట్టి డెబ్బయ్యేళ్ళ గురువుకి పాతికేళ్ళ శిష్యుడు అన్న అయ్యాడు. శిష్యుడికి గురువు తమ్ముడు.

"తమ్ముడూ, ఈ నరం నీళ్ళకి పనికిరాదు," అన్నాడు నుతరాక్.

"తడిస్తే కోటులో పెట్టుకో. ఒంటి వేడికి ఆరుతుంది. ఆరాక మళ్ళీ వెయ్యి."

"అది ఆరేలోపు చేప సరస్సుకి చేరి పిల్లల్ని పెడుతుంది."

"అయితే పిల్లల్ని కొట్టు, అన్నా."

నుతరాక్‌కి నవ్వు రాలేదు. వరసగా రెండేళ్ళు జింకలు దారి మార్చుకున్నాయి. ఇంట్లో తల్లి నివి, భార్య ఆర్నాక్, చంటిపిల్ల. ఆర్నాక్‌కి పాలు తగ్గిపోయాయి. ఎండాకాలం చివర ఎర్రపొట్ట చేపలు సముద్రంలోంచి ఏటికి ఎదురెక్కుతాయి. ఆ కొద్ది రోజుల్లో ఎన్ని కొట్టి రాళ్ళ కింద దాచుకుంటే చలికాలం అంత గడుస్తుంది. లేకపోతే గడవదు.

ఆ విల్లు మొదలుపెట్టిన రోజున ఉలాయుక్ అడిగిన మొదటి మాట, "మీ ఇంట్లో ఎంతమంది?" అని.

తెలిసే అడిగాడు. ఆ తీరంలో ఎవరింట్లో ఎంతమందో అందరికీ తెలుసు.

"నలుగురం."

"మనిషికి మూడు బారలు. పన్నెండు బారలు పేను."

రెండు చేతులూ చాచితే ఒక బార. అన్ని బారలకి నరం ఎక్కడిది? నివి ఏళ్ళ తరబడి బట్టలు కుట్టడానికి దాచుకున్న నరాలన్నీ తెచ్చి కొడుకు ముందు పెట్టింది. నుతరాక్ పేనుతూ పేనుతూ గురువుగారి విల్లు వంక చూశాడు. దాని వీపు లావుగా, పాము వీపులా ఉంది.

"నీది ఎన్ని బారలు?"

"పదిహేను."

"ఒంటి మనిషివి. నీ లెక్కకి మూడేగా?"

"నేను బక్కవాణ్ణి. విల్లయినా లావుగా ఉండనీ," అన్నాడు ఉలాయుక్.

ముసలాయనకి లెక్క తప్పిందనుకున్నాడు నుతరాక్.

*

ఆ ఎండాకాలంలోనే, రెండు రోజుల నడక దూరంలో, మంచుగడ్డల మధ్య నలిగిన ఓడ ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. మనుషులు లేరు. నుతరాక్ వెళ్ళి తాడు తెచ్చుకున్నాడు. నల్లటి తాడు. తారులో నానబెట్టి పేనింది. ఒక పూటంతా ఏట్లో పడేసి తీసినా ఇంతయినా సాగలేదు.

అతను తన విల్లు వీపున ఉన్న నరం తాడంతా విప్పేశాడు. దాని చోట నల్లతాడు కట్టాడు. విప్పిన నరం పక్క మజిలీ వాళ్ళకిచ్చి బాణాలకి రెండు ఇనప ములుకులు తెచ్చుకున్నాడు. నివి చూస్తూనే ఉంది.

కొత్త విల్లు గురువుకి చూపించాడు. ఉలాయుక్ దాన్ని తీసుకుని కొసలు తడిమాడు. ముడులు చూశాడు. ముడులు బాగున్నాయి. తర్వాత విల్లుని నోటి దగ్గరికి తెచ్చుకుని నల్లతాడుని ఒకసారి నాకాడు. పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

"ఇది విల్లు కాదు, అన్నా," అని తిరిగి ఇచ్చేశాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "తమ్ముడికి పళ్ళు పోయాయి. రుచి మాత్రం పోలేదు," అన్నాడు నుతరాక్. ఇంకా నవ్వారు.

చేపలొచ్చాయి.

అబద్ధం ఎందుకు, ఆ తాడు మంచి తాడే. నుతరాక్ మోకాలి లోతు నీళ్ళలో, రాళ్ళ అడ్డుకట్ట పక్కన నిలబడి పొద్దంతా వేశాడు. నీళ్ళలో చేప కనిపించిన చోట ఉండదు, కాస్త కిందికి కొట్టాలి. అది ఉలాయుక్ నేర్పిందే. వేసిన బాణం దిగింది. బాణానికి కట్టిన దారం పట్టుకుని లాగితే చేప వచ్చింది. మొదటి రోజు ముప్ఫై ఒకటి. ఉలాయుక్ నాలుగు బాణాలు వేసి, విల్లు కోటులో పెట్టుకుని, రాయి మీద కూర్చుని, ఆరాక మళ్ళీ లేచేవాడు. ఆయనకి ఏడు.

"తమ్ముడూ, ఈ విల్లు తీసుకో. నాకు చెయ్యి నొప్పిగా ఉంది," అన్నాడు నుతరాక్.

ఉలాయుక్ రాయి మీదనుంచి లేవలేదు.

నాలుగో రోజు పొద్దున్నే ఏరు గడ్డకట్టేసింది. అంత తొందరగా కట్టడం ఎవరూ ఎరగరు. చేపల రాక అక్కడితో ఆగిపోయింది. అయినా నుతరాక్ రాళ్ళ కింద దాచింది ఎనభైకి పైనే. తన కుటుంబం గట్టెక్కిందనుకున్నాడు.

నెల తర్వాత ఒక తెల్ల ఎలుగుబంటి ఆ రాళ్ళన్నీ దొర్లించి పోయింది. నుతరాక్ వెళ్ళేసరికి మంచులో పొలుసులున్నాయి. ఉలాయుక్ దాచుకున్న కాస్తా ఆ పక్కనే ఉంది. అది కూడా పోయింది.

*

ఆకలి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. తెలిసినవాళ్ళకి తెలుసు.

కుక్కల్ని తిన్నారు. బండికి కట్టే తోలు పట్టీలు తిన్నారు. బూట్ల అడుగులు ఉడికించుకున్నారు. సముద్రం గడ్డకట్టింది, కింద సీల్ జంతువులున్నాయి. కానీ మంచుతుఫాను పట్టుకుంది. బయట చెయ్యి చాపితే చెయ్యి కనిపించదు. అందులో పోయి, సీల్ ఊపిరికి పైకొచ్చే మంచుకన్నం దగ్గర కాపు కాస్తే మనిషే మంచు అవుతాడు. దీపంలో వేసే కొవ్వు అడుగంటింది. చంటిపిల్ల ఏడవడం మానేసింది. అది అన్నిటికన్నా చెడ్డ గుర్తు.

తుఫాను పట్టిన మూడో రోజున ఉలాయుక్ గాలికి పాక్కుంటూ వాళ్ళ మంచు ఇంట్లోకి వచ్చాడు. చేతిలో విల్లుంది. దీపం దగ్గర కూర్చుని, ఎముక పుల్ల తీసి, విల్లు వీపున ముడి విప్పడం మొదలుపెట్టాడు.

"తమ్ముడూ, ఏం చేస్తున్నావు?"

"విప్పుతున్నాను."

"అది నలభై ఏళ్ళ విల్లు."

"ఇంతకన్నా మంచి విల్లు తిన్నాను. నీది."

ముసలాయన తల ఎత్తకుండా, వేళ్ళు ఆపకుండా, కరువుకి పోయిన ఆ అన్నతోనే మాట్లాడుతున్నట్టు చెప్పాడు.

"నువ్వు పోయాక కూడా విల్లు వదల్లేదు. అమ్మ నీ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది. తొమ్మిది బారలుంది. అమ్మా నేనూ తుఫాను ఆగేదాకా నమిలాం. నువ్వున్నప్పుడే విప్పమంది అమ్మ. విప్పేస్తే రేపు వేటెలా అన్నావు."

వరస తర్వాత వరస విప్పాడు. పదిహేను బారల నరం ఆయన ఒళ్ళో గుట్టగా పడింది. చేతులు చాచి కొలిచి, అయిదు వాటాలు కోశాడు. ఒకటి ఆర్నాక్‌కి, ఒకటి నివికి, ఒకటి నుతరాక్‌కి, ఒకటి చంటిపిల్లది. ఒకటి తనది.

మనిషికి మూడు బారలు. నుతరాక్ ఆ వాటాల వంక చూశాడు. పన్నెండు తమవి. నలభై ఏళ్ళ విల్లుకి అంత లావు వీపు ఎప్పుడు వచ్చిందో తెలియదు. తను పుట్టినప్పుడో, పెళ్ళయినప్పుడో, పిల్ల పుట్టినప్పుడో.

ఆర్నాక్ మంచు కరిగించి కుండలో నరం వేసింది. బూడిద రంగు నీళ్ళు. వాసనకి పిల్ల కళ్ళు తెరిచింది.

నుతరాక్ లేచి గోడకి ఆనించిన తన విల్లు తీసుకున్నాడు. దీపానికి వీపు చేసి కూర్చున్నాడు. ఎవరూ చూడటం లేదనుకుని నల్లతాడు మీద నాలుక పెట్టాడు.

అందరూ చూశారు.

అయిదో రోజున నివి లేవలేదు. ఆర్నాక్ ఆమె చేతి తొడుగులు తీస్తే, ఒక తొడుగులో ఉడికిన నరం చుట్ట చుట్టి ఉంది. మూడు బారలకి కొద్దిగా తక్కువ. కొస మాత్రం మెత్తగా నమిలి ఉంది, పళ్ళు లేని నోటికి పనికొచ్చేలాగ.

దాన్ని పిల్ల తింది.

మర్నాడు గాలి తగ్గింది. ఆ పై రోజు నుతరాక్ మంచుకన్నం దగ్గర పొద్దంతా వంగి నిలబడి ఒక సీల్‌ని పొడిచాడు. నలుగురూ బతికారు.

నివిని తోళ్ళలో చుట్టారు. చుట్టి కట్టడానికి ఇంట్లో తాడు లేదు, ఉన్న తోలు పట్టీలన్నీ తినేశారు. నుతరాక్ తన విల్లుకున్న నల్లతాడు విప్పి, దానితో తల్లిని కట్టాడు. మంచి తాడు. అప్పుడూ సాగలేదు.

రాళ్ళు పేర్చడం అయ్యాక గురువు వైపు తిరిగాడు. గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది.

"ఆ రోజు తాడుని నాకి ఉమ్మేశావు. నోరు తెరిచి ఒక్క మాట చెప్తే ఏం పోయేది?"

"అడిగాను కదా, అన్నా," అన్నాడు ఉలాయుక్. "మీ ఇంట్లో ఎంతమందని."

*

ఎండాకాలం వచ్చింది. జింకలు పాత దారికి తిరిగొచ్చాయి. అవి ఎందుకు పోయాయో, ఎందుకు వచ్చాయో ఎవరికీ తెలియదు.

నుతరాక్ జింకల వీపు నరాలు తీసి, గీకి, ఎండబెట్టి, గోటితో సన్నగా చీల్చాడు. ఒడ్డున కూర్చుని పేనడం మొదలుపెట్టాడు. పక్కన ఉలాయుక్ ఉన్నాడు. ఆయనకి విల్లు లేదు, ఇప్పుడు విడిగా ఇల్లు కూడా లేదు. పిల్ల ఆయన బూటు పట్టుకుని లేచి నిలబడి, పడి, మళ్ళీ లేస్తోంది.

ఈసారి ముసలాయన ఏమీ అడగలేదు. నుతరాకే చెప్పాడు.

"మేం ముగ్గురం. నువ్వొకడివి. పన్నెండు బారలు."

"పదిహేను," అన్నాడు ఉలాయుక్.

నుతరాక్ పని ఆపి లెక్క చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు.

"నలుగురమే కదా, తమ్ముడూ. అయిదో మనిషి ఎవరు?"

ఉలాయుక్ దూరంగా గట్టు మీద పేర్చిన రాళ్ళ వైపు చూశాడు. తర్వాత ఆర్నాక్ వైపు చూశాడు. ఆమె నీళ్ళ దగ్గర తోలు ఉతుకుతోంది.

"మీ అమ్మ పేరు ఎక్కడికి పోతుంది, అన్నా? ఎప్పుడో ఒకప్పుడు మీ ఇంటికే వస్తుంది. కిందటిసారి తినకుండా పోయింది. వచ్చేటప్పుడు ఆకలితోనే వస్తుంది."

నుతరాక్ ఇంకో గుప్పెడు నరం అందుకున్నాడు.