తవ్విన గుంట, మిగిలిన మన్ను

అనగనగా ఒక అడవిలో ఒక రాతిగుట్ట. ఆ గుట్ట మీద ఒక పెద్దబడి. అలాంటిలాంటి బడి కాదర్రా అది! ఎక్కాలు అప్పజెప్పించుకుని చేర్చుకునే రకం కాదు. అందులో చేరాలంటే ఒక వ్యాసం రాసుకెళ్ళాలి. ఆ వ్యాసాలు చదివేది ఉడుము తాతగారు. ఉడుంపట్టు అంటారే, ఆయనది అచ్చంగా అదే. ఒక ప్రశ్న పట్టుకున్నారంటే తిండీ నీళ్ళూ గుర్తుండవు.

ఆ గుట్ట కింద బొరియమ్మ అనే పందికొక్కు ఉండేది. నవ్వకండి! పందికొక్కు చదువుకోకూడదని ఎక్కడైనా రాసి ఉందా? దానికి ఆ బడంటే ప్రాణం. మొదటేడు చందమామ గురించి రాసుకెళ్ళింది, గొప్పగా ఉంటుందని. రెండో ఏడు సముద్రం గురించి రాసింది. అది సముద్రాన్ని చూసింది ఎప్పుడు? రెండుసార్లూ తాతగారు తిప్పి పంపేశారు. ఆ బడి కట్టుబాటు ప్రకారం మూడుసార్లే అడగాలి. ఈసారి కూడా కాదంటే ఇక జన్మలో ఆ గుట్ట ఎక్కడానికి లేదు.

ఆ ఏడు బడివాళ్ళు అడిగింది ఇదీ: "నీకు ఇప్పటిదాకా అర్థం కాని సంగతి ఒకటి రాయి."

బొరియమ్మకి అలాంటి సంగతి ఒకటుంది. కానీ చెప్పుకోడానికి సిగ్గు. అదంతా మట్టి గోల! అందుకని తిన్నగా నక్క దగ్గరికి పోయింది. నక్క అప్పటికే వ్యాసాలు రాసిచ్చే దుకాణం తెరిచి, చెవిలో ఈక పెట్టుకుని మహా పండితుడిలా కూర్చుంది.

"నక్క బావా! అర్థం కానిది రాయమన్నారు. ఏం రాయను?" అని అడిగింది బొరియమ్మ.

"పిచ్చిమొహమా! అర్థం కాలేదని ఎవరైనా ఒప్పుకుంటారా? అదొక ఉచ్చు! తట్టెడు వేరుశనక్కాయలు పట్రా, నేను రాసిపెడతాను," అంది నక్క.

"మరి నా గురించి నీకేం తెలుసు బావా?"

"నీ గురించి ఎవరిక్కావాలే? నువ్వేమన్నా పులివా?"

బొరియమ్మ మొహం మాడిపోయింది. అయినా కాయలిచ్చి, తాటాకు మీద రాసిన వ్యాసం తెచ్చుకుంది. చదవను కూడా చదవలేదు. ఆ అక్షరాల సోకు చూసే మురిసిపోయింది.

వ్యాసాలిచ్చే రోజు రానే వచ్చింది. గుట్ట మీద అందరూ వరసలో నిలబడ్డారు. ముందు ఎలుగుబంటి, దాని వెనక జింక, ఆ వెనక మన బొరియమ్మ.

బండ మీద కూర్చున్న తాతగారు ఎలుగుబంటి వ్యాసం అందుకుని పైకి చదివారు. "నాకు అర్థం కాని సంగతంటూ లేదు. విజ్ఞాన గగనంలో విహరించాలని చిన్ననాటి నుంచీ నా చిన్ని రెక్కలు తహతహలాడుతున్నాయి. ఈ అడవిలోని అనాథలందరికీ నేనే దిక్కు."

ఆయన తలెత్తి చూశారు. "ఏదీ నాయనా, ఆ చిన్ని రెక్కలు ఒకసారి చూపించు."

ఎలుగుబంటి ఒక చంక ఎత్తి చూసుకుంది. రెండో చంకా ఎత్తి చూసుకుంది. "ఇంట్లో మర్చిపోయానండీ," అని గొణిగింది.

తర్వాత జింక వంతు. తాతగారు చదివారు. "నాకు అర్థం కాని సంగతంటూ లేదు. విజ్ఞాన గగనంలో..." అని ఆగిపోయారు. "నీకూ రెక్కలేనా తల్లీ? అనాథలకి నువ్వూ దిక్కేనా? పాపం, ఆ అనాథలు ఎవరి దగ్గరికని పోతారు!"

నక్క ఎప్పుడో కొంగ కోసం రాసిందట ఆ వ్యాసం. దాని ముందు ఒక వాక్యం తగిలించి అందరికీ అదే అంటగట్టేసింది, దొంగమొహంది!

బొరియమ్మ తన తాటాకు విప్పి చూసింది. అవే రెక్కలు! ఇది ఇచ్చిందా, కొంప మునిగినట్టే. ఇవ్వకపోతే చేతిలో ఇంకేమీ లేదు. ఆ మట్టి గోల రాస్తే అందరూ నవ్వుతారు. ఏం చేస్తుంది పాపం? ఒక్క క్షణం ఏడుపొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. పందికొక్కు కదా, తాటాకును కరకరా నమిలి మింగేసింది!

పక్కనే టేకు మొక్క ఉంది. లేత టేకాకుని గోటితో గీస్తే ఎర్రగా వస్తుంది, మీరూ గీసే ఉంటారు. బొరియమ్మ ఒక ఆకు తుంపి, గబగబా గీకి, తాతగారి చేతికిచ్చింది. ఆయన పైకి చదివారు.

"అయ్యా, నేను రోజూ బొరియలు తవ్వుతాను. ఒకరోజు తవ్విన మన్ను మళ్ళీ అదే గుంటలో పోశాను. గుంట నిండిపోయింది, మన్ను ఇంకా మిగిలింది. అందులోంచి వచ్చిందే అందులో ఎందుకు పట్టదు? మూడుసార్లు చేసి చూశాను. మా అమ్మనడిగితే పని చూసుకోమంది. నాకు తిన్నది ఒంటబట్టడం లేదు."

ఎలుగుబంటి పకపకా నవ్వింది. తాతగారు నవ్వలేదు. 'అయిపోయింది, మూడోసారి కూడా పోయింది,' అనుకుంది బొరియమ్మ.

ఉన్నట్టుండి తాతగారు బండ దిగి, టేకు మొక్క పక్కన మట్టిలో తవ్వడం మొదలెట్టారు! గుంట తవ్వారు, పూడ్చారు. మన్ను మిగిలింది. "ఔరా!" అన్నారు. ఇంకోటి తవ్వి, పూడ్చి, కాలితో తొక్కారు. కొంచెమే మిగిలింది. మూడోదాని మీద ఎలుగుబంటిని ఎక్కి గెంతమన్నారు. ఈసారి మన్నంతా పట్టేసి, గుంట ఇంకా వెలితిగా ఉంది! బడిలోని గురువులంతా పరిగెత్తుకొచ్చి, మూతులకి మన్ను పూసుకుని, ఒకరి మీద ఒకరు అరుచుకోసాగారు.

ఆ గోల విని నక్క వచ్చింది. టేకాకు చుట్టూ మూగిన గురువుల్ని చూసింది. వెంటనే, "అది నేను తట్టెడు వేరుశనక్కాయలు పుచ్చుకుని రాసిచ్చిందేనండీ!" అంది.

"అలాగా! మొదటి గుంటలో మన్ను ఎందుకు మిగిలిందంటావు?" అన్నారు తాతగారు.

"నాకు తెలియని సంగతంటూ ఉందా?" అని నక్క చెవిలో ఈక సర్దుకుంది.

"అన్నీ తెలిసినవాళ్ళకి ఈ బడితో పనేముంది నాయనా? వెళ్ళి రా. వెళ్ళేముందు ఈ అమ్మాయి వేరుశనక్కాయలు ఇచ్చేసి వెళ్ళు," అన్నారు తాతగారు.

నక్క తోక ముడిచింది. బొరియమ్మ భయంభయంగా ముందుకొచ్చింది.

"తాతగారూ, ఇంతకీ ఆ మన్ను ఎందుకు మిగిలిందండీ?"

"నాకు తెలిస్తే నిన్ను చేర్చుకోవడమెందుకే? రా లోపలికి, తవ్వి చూద్దాం!" అన్నారు ఉడుము తాతగారు, మూతికంటిన మన్ను దులుపుకుంటూ.

నీతి: తెలియదని చెప్పడానికి సిగ్గుపడొద్దు. అరువు రెక్కలు ఎవరినీ ఎగరనివ్వవు, సొంత గోరు ఎంత చిన్నదైనా తవ్వుతుంది.